సోమవారం పొద్దున్నే కారు స్టార్ట్ కావడం లేదా? మూడో బ్యాటరీ కొనే ముందు మీటర్ పెట్టి చూడండి

మీరు రాసింది ఇదీ. ఆరేళ్ల పెట్రోల్ కారు, 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క) బ్యాటరీ. బండితో వచ్చిన బ్యాటరీ నాలుగున్నరేళ్లు నడిచింది. తర్వాత ఇరవై నెలల్లో రెండు బ్యాటరీలు పోయాయి. ఆఫీసు నాలుగు కిలోమీటర్లు. శని, ఆదివారాలు బండి సెల్లార్‌లోనే ఉంటుంది. సోమవారం పొద్దున తాళం తిప్పితే టకటకమని చప్పుడు, అంతే. మెకానిక్ బండి నడుస్తుండగా మీటర్ పెట్టి 14.2 వోల్ట్‌లు చూశాడు, అయినా ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే డైనమో) వీక్ అయింది, మార్చేద్దాం అన్నాడు. రెండేళ్ల కిందట టచ్ స్క్రీన్ సెట్టు, తర్వాత డాష్‌క్యామ్ పెట్టించారు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. ముందు ఒక మాట: ఆల్టర్నేటర్ ఇప్పుడే మార్చకండి. మూడో బ్యాటరీ కూడా కొనకండి. 'బ్యాటరీ పోయింది' అని మా దగ్గరికి వచ్చే బండ్లలో చాలావాటికి దొంగ వేరే చోట ఉంటాడు, దెబ్బ మాత్రం బ్యాటరీకి తగులుతుంది. దొంగ దొరికేదాకా ఎన్ని కొత్త బ్యాటరీలు పెట్టినా అన్నీ అలాగే పోతాయి. మీ బండిలో రాత్రిపూట ఏదో కరెంటు తాగుతోందని నా అనుమానం. అనుమానం మీద డబ్బు ఖర్చు పెట్టొద్దు కాబట్టి, ఎలా రుజువు చేసుకోవాలో చెబుతాను.

నాలుగైదు వందల్లో డిజిటల్ మల్టీమీటర్ ఒకటి కొనండి. కారున్న ప్రతి ఇంట్లో ఉండాల్సిన వస్తువు అది. డీసీ వోల్ట్‌లలో 20 రేంజ్‌కు తిప్పి, ఎర్ర వైరు ప్లస్ మీద, నల్ల వైరు మైనస్ మీద పెట్టడమే. పొడుచుకోవాల్సింది సీసం టెర్మినల్ మీదే, పైన బిగించిన క్లాంప్ మీద కాదు. ఆ తేడా ఎందుకో తర్వాత చెబుతాను.

మొదటి కొలత పొద్దున్నే, తాళం పెట్టకముందు. రాత్రంతా ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 పైన చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు. 12.2 అంటే సగం. 12.0 అంటే పావు వంతే మిగిలింది. వినడానికి తేడా చిన్నదే, ఒక వోల్ట్ కూడా లేదు. కానీ ఆ కాస్త తేడాలోనే బ్యాటరీ జాతకం అంతా ఉంది. 'పన్నెండు వోల్ట్ల బ్యాటరీ పన్నెండు చూపిస్తోంది, బాగానే ఉంది' అని చాలామంది మోసపోతారు. పన్నెండు చూపించే బ్యాటరీ ఆకలితో ఉన్న బ్యాటరీ. అప్పుడే బండి ఆపి ఉంటే అంకె కొంచెం ఎక్కువ చూపిస్తుంది. రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వేసి, ఆపి, కాస్త ఆగి చూస్తే నిజం తెలుస్తుంది.

రెండో కొలతకు ఇంకొకరు కావాలి. మీరు మీటర్ పట్టుకోండి, ఇంట్లో వాళ్లను సెల్ఫ్ కొట్టమనండి. ఆ రెండు మూడు సెకన్లలో అంకె ఎంతకు పడిందో చూడండి. మన వాతావరణంలో పది పైన నిలబడితే చాలా బాగుంది. 9.6 కిందికి జారిందంటే బ్యాటరీ నిండుగా లేదు, లేదా లోపల అరిగిపోయింది. ఏది అన్నది తేలాలంటే ముందు బయటి ఛార్జర్‌తో నింపి మళ్లీ చూడాలి. నిండిన తర్వాత కూడా 9కి, 8కి పడుతుంటే అది పోయినట్టే. ఛార్జ్ చేయకుండా బ్యాటరీని టెస్ట్ చేసి 'డెడ్' అని రాసిచ్చే షాపుల మాట నమ్మొద్దు. అన్నం తినని మనిషికి బరువెత్తే పోటీ పెట్టి ఓడిపోయాడన్నట్టు ఉంటుంది.

ఇక్కడే చప్పుడు గురించి కూడా చెప్పాలి. టకటకటకమని వరసగా కొట్టుకుంటే వోల్టేజ్ చాలడం లేదని అర్థం. ఒక్కసారి 'టక్'మని, లైట్లు మాత్రం కళకళలాడుతూ ఉంటే బ్యాటరీని వదిలేసి సెల్ఫ్ మోటార్, దాని కేబుళ్లు చూడాలి. అసలు ఏ చప్పుడూ లేకపోతే క్లచ్ స్విచ్, ఇగ్నిషన్ స్విచ్, రిలే వైపు వెళ్లాలి. మీది టకటక కాబట్టి వోల్టేజ్ కథే.

మూడో కొలత ఇంజిన్ నడుస్తుండగా. 13.8 నుంచి 14.7 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ పని చేస్తోంది. మీకు 14.2 వచ్చింది, సరిపోయింది. అయినా లోడ్ వేసి చూడాలి: ఏసీ, హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటర్ అన్నీ వేసి, 1500 ఆర్‌పీఎం దాకా యాక్సిలరేటర్ తొక్కితే 13.5 పైన నిలబడాలి. నిలబడితే ఆల్టర్నేటర్ మీద కేసు దాదాపు కొట్టేసినట్టే. పడిపోతే ముందు ఫ్యాన్ బెల్ట్ చూడండి. పొద్దున్నే కీచుమంటోందా, అంచులు చిరిగాయా, వదులైందా. బెల్ట్ బాగుంటే అప్పుడు కార్బన్ బ్రష్‌లు, మా వాళ్లు కటౌట్ అనే, వోల్టేజ్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్. ఇవి చాలా బండ్లలో విడిగా దొరుకుతాయి, ఆల్టర్నేటర్ మొత్తం మార్చక్కర్లేదు. ఎప్పుడూ 15 పైనే చూపిస్తుంటే అదీ జబ్బే. బ్యాటరీ ఉడికిపోతుంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, పక్కలు ఉబ్బుతాయి.

ఈ మధ్య వచ్చిన బండ్లలో ఒక చిక్కు ఉంది. వాటిలో ఛార్జింగ్‌ను కంప్యూటరే నడుపుతుంది. బ్యాటరీ నిండుగా ఉంటే ఆల్టర్నేటర్‌ను కావాలనే తగ్గించి, బ్రేక్ వేసినప్పుడు పెంచుతుంది. అలాంటి బండిలో ఒకసారి 12.7 కనిపించిందని ఆల్టర్నేటర్ పోయిందనుకోకూడదు. లైట్లు, బ్లోయర్ వేసి, కాస్త తిప్పి మళ్లీ చూడాలి. మైనస్ టెర్మినల్ మీద చిన్న ప్లాస్టిక్ పెట్టె, దానికి సన్న వైర్లు ఉంటే అది సెన్సర్. అలాంటి వాటికి బయటి ఛార్జర్ పెట్టినప్పుడు నల్ల క్లిప్ బాడీకి పెట్టాలి, బ్యాటరీ మైనస్‌కు కాదు. లేకపోతే లోపలికి ఎంత వెళ్లిందో కంప్యూటర్‌కు లెక్క అందదు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తానే ఆగే బండ్లకు ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం బ్యాటరీలే వేయాలి. వెయ్యి రూపాయలు తగ్గుతుందని మామూలుది వేస్తే ఎక్కువ కాలం నిలవదు.

ఇప్పుడు మీ అసలు సమస్యకు వద్దాం. బండి ఆపి తాళం వేశాక కూడా గడియారం, అలారం, కంప్యూటర్ జ్ఞాపకం కోసం కొంచెం కరెంటు పోతూనే ఉంటుంది, దీన్నే డ్రెయిన్ అంటాం. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మామూలే. మీ బండిలో 280 పోతోందనుకుందాం. శుక్రవారం సాయంత్రం ఏడుకు ఆపి సోమవారం పొద్దున తొమ్మిదికి తీస్తే 62 గంటలు. 0.28 ఇంటూ 62 అంటే 17 ఏహెచ్ పైన. 35 ఏహెచ్ బ్యాటరీలో సగం ఖాళీ. మామూలు రోజు కూడా 23 గంటలు ఆగి ఉంటుంది కాబట్టి ఆరున్నర ఏహెచ్ పోతుంది. నాలుగు కిలోమీటర్ల ట్రాఫిక్‌లో, ఏసీ వేసుకుని, పోను రాను కలిపి ముప్పావు గంట నడిపితే అంత తిరిగి రావడం కష్టం. అంటే వారం మొదట్లోనే అప్పు మొదలవుతుంది, శుక్రవారానికి పెరుగుతుంది, సోమవారం దివాలా. సగం ఖాళీగా వారాల తరబడి ఉన్న బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జ్ పెట్టినా పాత శక్తి తిరిగి రాదు. మీ రెండు బ్యాటరీలు చచ్చిపోయిన తీరు అదే అయి ఉంటుంది. ఇంకో సంగతి గమనించండి: మొదటి బ్యాటరీ నాలుగేళ్లు ఏ గొడవా లేకుండా నడిచి, సెట్టు పెట్టించిన కొన్ని నెలలకే పోయింది.

దీన్ని కొలిచే పద్ధతి ఉంది. కీ దూరంగా పెట్టండి, స్మార్ట్ కీ అయితే ఇంకా దూరం. డోర్లన్నీ వేయండి. బోనెట్ తెరిచే ఉండాలి కాబట్టి దాని లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసినట్టు చేయండి. మీటర్‌లో ఎర్ర వైరును 10ఏ రంధ్రంలోకి మార్చండి. పది నంబర్ స్పానర్‌తో మైనస్ క్లాంప్ తీసి, క్లాంప్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్యలో మీటర్ కలపండి. మొదట రెండు, మూడు ఆంపియర్లు చూపిస్తుంది, టెన్షన్ పడొద్దు. కంప్యూటర్లు ఒక్కొక్కటిగా నిద్రపోవడానికి అరగంట పట్టొచ్చు, కొన్ని బండ్లలో ఇంకా ఎక్కువ. అప్పుడు చూడండి. మీటర్ మధ్యలో ఉండగా తాళం తిప్పడం, సెల్ఫ్ కొట్టడం, డోర్ తీయడం చేయకూడదు, మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోవచ్చు. రేడియోకు పిన్ కోడ్ ఉంటే ముందే రాసి పెట్టుకోండి. ఈ పని అయ్యాక ఎర్ర వైరును మళ్లీ వోల్ట్ రంధ్రంలోకి మార్చడం మర్చిపోవద్దు. అలాగే మర్చిపోయి బ్యాటరీ రెండు టెర్మినల్స్ మీద పెడితే షార్ట్ అవుతుంది. కొత్త కుర్రాళ్లు మా దగ్గర చేరిన మొదటి వారంలోనే ఈ తప్పు చేస్తారు.

అంకె ఎక్కువ వస్తే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ, ఏది పీకితే అంకె దభాలున పడుతుందో చూడటం పాత పద్ధతి. కొత్త బండ్లలో ఫ్యూజ్ పీకి పెడితే నిద్రపోయిన కంప్యూటర్ మళ్లీ లేస్తుంది. అందుకని నేను మీటర్‌ను మిల్లీ వోల్ట్‌లలో పెట్టి ప్రతి ఫ్యూజ్ నెత్తి మీద కనిపించే రెండు చిన్న చుక్కల మీద తాకిస్తాను. సున్నా చూపిస్తే దానిలో కరెంటు లేదు. ఏదైనా ఒకటి సున్నా కాకుండా కదిలిందంటే దొంగ ఆ వీధిలో ఉన్నట్టే.

గత వేసవిలో గుడివాడ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. మూడు బ్యాటరీలు మార్చారు. ముందు రోజు రాత్రి బండి మా షెడ్డులోనే వదిలి వెళ్లమన్నాను. పొద్దున్నే డ్రెయిన్ చూస్తే 0.31 ఆంపియర్. ఫ్యూజుల మీద వెతికితే ఆడియో ఫ్యూజ్ దగ్గర మీటర్ కదిలింది. డాష్‌బోర్డ్ ప్యానెల్ ఊడదీసి బయట పెట్టించుకున్న సెట్టు వెనక చెయ్యి పెట్టాను. బండి ఆపి పది గంటలు దాటింది, సెట్టు మాత్రం గోరువెచ్చగా తగిలింది. వెనక్కి తిప్పి చూస్తే పసుపు వైరు, ఎర్ర వైరు రెండూ కలిపి మెలేసి నల్ల టేపు చుట్టేశారు. ఎండకు టేపు జిగురై వేలికి అంటుకుంది. పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది, సెట్టింగులు గుర్తుంచుకోవడానికి. ఎర్రది తాళం తిప్పితేనే కరెంటు రావాల్సింది. రెండూ కలిపేస్తే తెర ఆరిపోయినా సెట్టు నిద్రపోదు. ఎర్ర వైరును విడదీసి తాళంతో వచ్చే లైనుకు కలిపాను. పావుగంట పని. మళ్లీ మీటర్ పెడితే 0.02. మాస్టారు ఆ అంకెను చాలాసేపు అలాగే చూస్తూ నిలబడ్డారు. మూడు బ్యాటరీల డబ్బు ఆయన పెన్షన్‌లోంచి పోయింది. మీ సెట్టు వెనక కూడా ముందు ఆ రెండు వైర్లే చూడమనండి. తర్వాత డాష్‌క్యామ్: పార్కింగ్ మోడ్ (బండి ఆగి ఉన్నప్పుడూ రికార్డు చేసేది) ఆన్‌లో ఉందా, వైరు నేరుగా బ్యాటరీ లైన్‌కు కలిపారా. జీపీఎస్ ట్రాకర్, ఆంప్లిఫయర్, డిక్కీ లైటు, గ్లవ్ బాక్స్ లైటు కూడా ఈ జాబితాలోవే.

ఏ ఫ్యూజ్ దగ్గరా దొరకకుండా డ్రెయిన్ మాత్రం ఉంటే అప్పుడు ఆల్టర్నేటర్ మీదకు తిరిగి రావాలి. లోపల కరెంటును ఒకే వైపు వెళ్లనిచ్చే డయోడ్ ఒకటి లీకైతే పగలు కాస్తో కూస్తో ఛార్జ్ చేస్తూనే, రాత్రి అదే దారిలో బ్యాటరీని వెనక్కి తాగేస్తుంది. ఇంజిన్ చల్లబడిపోయిన పొద్దున్న ఆల్టర్నేటర్ ఒక్కటే వెచ్చగా ఉంటే అనుమానించండి. ముందు బ్యాటరీ మైనస్ తీసి, ఆల్టర్నేటర్ వెనక మందపాటి వైరు విప్పి, దాని కొస బాడీకి తగలకుండా టేపు చుట్టి, మళ్లీ డ్రెయిన్ చూడండి. పడిపోతే తేలిపోయినట్టే. బండి నడుస్తున్నప్పుడు మీటర్‌ను డీసీ నుంచి ఏసీ (ఇంటి కరెంటు రకం) వోల్ట్‌లకు తిప్పి బ్యాటరీ మీద కొలిచినా తెలుస్తుంది. సగం వోల్ట్ దాటితే డయోడ్ బాగాలేదు. అప్పుడు కూడా డయోడ్ ప్లేట్ మార్చగలరేమో ముందు అడగండి.

క్లాంప్ మీద కాకుండా సీసం మీద పొడవమన్నాను కదా, కారణం ఇదీ. బ్యాటరీలో కరెంటు ఉండి, ఆల్టర్నేటర్ ఇస్తూ, మధ్యలో దారి మూసుకుపోయి ఉండొచ్చు. సెల్ఫ్ కొడుతుండగా ఒక వైరు బ్యాటరీ మైనస్ సీసం మీద, ఇంకోటి ఇంజిన్ ఇనుము మీద పెట్టండి. 0.2 వోల్ట్ దాటితే ఎర్త్ (ఇంజిన్, బాడీల నుంచి బ్యాటరీ మైనస్‌కు కరెంటు తిరిగొచ్చే దారి) బాగాలేదు. ప్లస్ వైపు సెల్ఫ్ మోటార్ దాకా అర వోల్ట్ దాటకూడదు. బాడీ ఎర్త్ బోల్టు కింద తుప్పు పట్టి, పైకి మాత్రం శుభ్రంగా కనిపించే బండ్లు సముద్రం దగ్గర ఊళ్ల నుంచి తరచూ వస్తాయి. టెర్మినల్ మీద తెల్లటి, పచ్చటి పొడి కడితే వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, బ్రష్‌తో గీకి, బిగించాక పైన వేసలిన్ రాయండి. బిగించక ముందు రాసే అలవాటు మానుకోండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. అలా చేస్తే స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా నిప్పులు రావు.

ఒక్క విషయం మాత్రం బతిమాలి చెబుతున్నాను. బండి నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, ఇంజిన్ ఆగకపోతే డైనమో బాగుందని చెప్పే మెకానిక్‌లు ఇప్పటికీ ఉన్నారు. పాత అంబాసిడర్ కాలంలో నడిచిపోయింది. ఇప్పటి బండిలో ఆ క్షణంలో వోల్టేజ్ ఒక్కసారిగా పైకి లేస్తుంది, ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) పోవచ్చు, ఏబీఎస్ (బ్రేకుల కంప్యూటర్) పోవచ్చు. అలా పోయిన కంప్యూటర్లు నా చేతికి వచ్చాయి. వేల రూపాయల సామాను ఒక్క సెకనులో. మీ బండి మీద ఎవరినీ అలా చేయనివ్వకండి.

వేరే బండి నుంచి జంపర్ కేబుల్స్ వేసేటప్పుడు వరస ఇది: ఎర్రది ముందు మీ ప్లస్‌కు, తర్వాత వాళ్ల ప్లస్‌కు. నల్లది వాళ్ల మైనస్‌కు, చివరి కొస మీ ఇంజిన్ ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది, చివరి నిప్పురవ్వ అక్కడ రాకూడదు. ఉబ్బిన, పగిలిన బ్యాటరీకి జంప్ ఇవ్వనే కూడదు. స్టార్టయ్యాక 'గంట నడిపితే నిండిపోతుందిలే' అనుకోవద్దు. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని నింపే పని ఆల్టర్నేటర్‌ది కాదు, దాని మీద భారం పడుతుంది. 35 ఏహెచ్ దానికి మూడు, నాలుగు ఆంపియర్ల ఛార్జర్‌తో ఒక రాత్రంతా పెట్టించండి.

మన ఎండల సంగతి కూడా చెప్పాలి. బ్యాటరీని చంపేది ఎండే. చలి దాన్ని బయటపెడుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో దెబ్బతిన్న బ్యాటరీలు డిసెంబర్ పొద్దున్న మొరాయిస్తాయి. అమెరికాలో మంచు రాష్ట్రాల్లో ఉండే మనవాళ్లు కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్ (గడ్డకట్టే చలిలో సెల్ఫ్‌కు బ్యాటరీ ఇవ్వగల కరెంటు) చూసి కొనాలి, మనకు మాత్రం నీడలో పార్కింగ్ అంతకంటే ముఖ్యం. మూతలు తెరిచే రకమైతే వేసవిలో నెలకోసారి నీటి మట్టం చూడండి. ప్లేట్లు మునగాలి. పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. కుళాయి నీళ్లు వద్దు, ఆర్‌ఓ నీళ్లు కూడా వద్దు, యాసిడ్ అసలే వద్దు. పైన ఉండే పచ్చ కన్ను ఆరు సెల్స్‌లో ఒక్కదాన్నే చూపిస్తుంది, అది పచ్చగా ఉందని మిగతా ఐదూ బాగున్నట్టు కాదు.

2020 లాక్‌డౌన్ తర్వాత షెడ్డు తెరిచినప్పుడు వరసగా ఊరికే ఉండి బ్యాటరీ దిగిపోయిన బండ్లే. పిల్లలు విదేశాల్లో ఉండి, సంక్రాంతికి వచ్చినప్పుడే కారు తీసే ఇళ్లలోనూ ఇదే కథ. మామూలు డ్రెయిన్ 50 మిల్లీ ఆంపియర్లు అయినా రోజుకు 1.2 ఏహెచ్, నెలకు 36. చిన్న బ్యాటరీ అక్కడికే అయిపోతుంది. అమ్మానాన్నలకు 'వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచండి' అని చెబుతారు. ఆ పది నిమిషాల్లో స్టార్ట్‌కు ఖర్చయినది, వారంలో కారినది పూర్తిగా తిరిగి రాదు. మైనస్ విప్పేయండి, లేదా నిండగానే తనంతట తాను తగ్గించుకునే చిన్న ఛార్జర్ పెట్టండి.

మీ పని వరస ఇలా పెట్టుకోండి. ముందు బ్యాటరీని బయటి ఛార్జర్‌తో నింపించండి. శుక్రవారం రాత్రి డ్రెయిన్ కొలవండి. 50 దాటితే సెట్టు ఫ్యూజ్, డాష్‌క్యామ్ ఫ్యూజ్ రెండూ పీకి బండిని వదిలేయండి. సోమవారం పొద్దున తాళం పెట్టకముందు వోల్టేజ్ చూడండి. 12.5 దగ్గర ఉండి ఒక్క దెబ్బకు స్టార్ట్ అయితే వైరింగ్ సరిచేయించండి, ఆల్టర్నేటర్ మాట మర్చిపోండి. డ్రెయిన్ 50 లోపే ఉండి కూడా 12.2 కిందికి పడితే బ్యాటరీ లోపలే సెల్ దెబ్బతింది. బిల్లు, వారంటీ కార్డు తీసుకుని షాపుకు వెళ్లండి. ఫ్రీ రీప్లేస్‌మెంట్ గడువు దాటితే వాడిన నెలల లెక్కన తగ్గింపు ఇస్తారు. ఛార్జ్ పెట్టి ఒక రోజు ఉంచాకే టెస్ట్ చేయమనండి, కొలిచిన అంకెలు రాసిమ్మనండి. శుక్రవారం డ్రెయిన్ ఎంత, సోమవారం వోల్టేజ్ ఎంత, సెల్ఫ్ కొట్టినప్పుడు ఎంతకు పడింది, ఈ మూడూ నాకు చెబితే తర్వాత ఏం చేయాలో ఇంకా కచ్చితంగా చెప్పగలను.